నువ్వు బిగించిపోయిన బండి

అల్ ఐన్,
20 జులై 1984, శుక్రవారం.

చిరంజీవి తమ్ముడు అబ్దుల్ రహీంకు పెద్దక్క రహమతున్నీసా సలాం చెప్పి, దువా చేసి రాసేది. అల్లా దయవల్ల నేనూ, మీ అన్న మీరా హుస్సేనూ ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ అమ్మ, నువ్వు, కొత్త కోడలు మున్నీబీ చల్లగా ఉండాలని ఐదు పూటలా అడుగుతున్నాను. మా గురించి ఆరోగ్యం వరకే రాశాను. మిగతాది కింద రాస్తాను.

నీ ఉత్తరం రంజాన్ పండగ వెళ్ళాక అందింది. ఎప్పుడు రాశావో, ఎక్కడెక్కడ తిరిగిందో. నా మోకాలు ఎలా ఉందని అడిగావు. నమాజులో సజ్దా నుంచి లేచేటప్పుడు పట్టేస్తుంది. కుర్చీలో కూర్చొని చదువుకో అంటుంది ఇంటావిడ. ఓపిక ఉన్నన్నాళ్ళు నేల మీదే చదువుతాను. పండగ బాగా జరిగిందా అన్నావు. మగవాళ్ళు కూర్చునే మజ్లిస్ నిండా వచ్చిన జనానికి వండాను. మన ఆత్మకూరు కారం వేసి ఒక కూర చేస్తే ఇంటి యజమాని, మన అర్బాబ్, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వేయించుకున్నాడు. అమ్మను కంటి డాక్టరుకు చూపించావట, మంచి పని చేశావు. చుక్కలు మానకుండా వేయించు. ఆవిడ వేసుకున్నానంటుంది, వేసుకోదు.

సనాయియా గ్యారేజీల పేటలో షాపు మాట ఏమైందని రెండు చోట్ల అడిగావు. దానికి జవాబు ఉంది. బండి సంగతి చెప్పకుండా ముందే రాస్తే నీకు అర్థం కాదు. అందుకని ఓపిగ్గా చదువు.

అర్బాబ్ ఇచ్చిన మాట నీకు తెలుసు. ఆయన కొడుకు హుమైద్ బండి ఈ ఎండాకాలం గట్టిగా నడిస్తే, నువ్వు పెళ్ళి సెలవు నుంచి తిరిగి రాగానే తనే కఫీల్ గా పూచీ ఉండి మీ అన్నదమ్ములిద్దరికీ రిపేరు షాపు పెట్టిస్తానన్నాడు. ఒకడు ఆయన ఇంట్లో డ్రైవరుగా, ఒకడు ఎవరి గ్యారేజీలోనో కూలీగా ఎన్నాళ్ళు అని నేను కూడా ఆశపడ్డాను. ఆ రోజు నుంచి ఆ బండి మన ఇంటి మనిషయిపోయింది. దానికి జ్వరమొస్తే మనకు అన్నం దిగదు.

జనవరిలో నువ్వు దాని ఇంజను విప్పావు. హుమైద్ అమెరికా నుంచి తెప్పించుకున్న పెట్టెలన్నీ తెరిచి పెద్ద కార్బొరేటరు పెట్టావు, క్యామ్ షాఫ్టు మార్చావు, పొగగొట్టాలు తీసేసి లావువి బిగించావు. ఇసుక గుట్టలెక్కడానికి ఇంకా జోరు కావాలి, ఇంకా జోరు కావాలి అని అతను నీ నెత్తిన కూర్చుంటే, ఇంజనులో నిప్పు పడే టైమింగ్ ముందుకు జరిపి, డిస్ట్రిబ్యూటర్ మీద తెల్లరంగుతో గీత పెట్టావు. బండి గుట్ట మీదికి ఎగిరిపోయింది. హుమైద్ నిన్ను వాటేసుకున్నాడు. నువ్వు పెళ్ళికి విమానమెక్కావు. అప్పుడు చలికాలం.

ఎండలు ముదరగానే మొదలైంది.

నువ్వడిగిన ప్రశ్నలకు మీ అన్నను అడిగి రాస్తున్నాను. ఎప్పుడు స్టార్ట్ కాదు అన్నావు. తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక, చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్ కే అందుకుంటుంది. తిరిగి వచ్చి ఆపి, ఒక టీ తాగి మళ్ళీ తాళం తిప్పితే అందుకోదు. సెల్ఫ్ సగం చుట్టు తిరిగి, లోపల ఎవరో పట్టుకున్నట్టు 'ధడ్' మని ఆగిపోతుంది. మళ్ళీ తిప్పినా అంతే. ఇంజను పూర్తిగా చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. పెట్రోలు పొంగుతోందా అన్నావు. పొంగడం లేదు. ప్లగ్గులు తడిగా ఉన్నాయా అన్నావు. పొడిగానే ఉన్నాయి. నిప్పు పడుతోందా అన్నావు. పడుతోంది.

ఈ జవాబులు నీకు చేరేలోపల నువ్వు ఇంకో నాలుగు ప్రశ్నలు పోస్టు చేసి ఉంటావు. అవి మాకు చేరేసరికి ఎండలే పోతాయి. పోస్టులో పెళ్ళిళ్ళు కుదరడం చూశాను గానీ బండ్లు బాగుపడడం నేనెక్కడా వినలేదు రహీమా.

నువ్వు రాసినవన్నీ మీ అన్న చేశాడు. బ్యాటరీ మార్చాడు. సెల్ఫ్ దించి విప్పి మళ్ళీ కట్టాడు. లావు కేబుల్ వేశాడు. పొగగొట్టం వేడి సెల్ఫ్ కు తగులుతోందేమోనని మధ్యలో రేకు పెట్టాడు. పెట్రోలు పంపు మీద తడి గోనెగుడ్డ చుట్టాడు, అది ఎండిపోతే మళ్ళీ తడిపాడు. ఇదంతా రోజా ఉండి చేశాడు. పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, మధ్యాహ్నం పూట, ఆ బండి కింద వెల్లకిలా పడుకొని. ఇఫ్తార్ కు వచ్చి ఒక ఖర్జూరం నోట్లో వేసుకొని మళ్ళీ బండి దగ్గరికే లేచేవాడు. ఏమైంది రా అంటే, "ఇంకొంచెం ఉండాదక్కా" అనేవాడు. ఆ కొంచెం ఎప్పటికీ అయ్యేది కాదు.

దారిన పోయే ప్రతివాడూ డాక్టరే. పెట్రోలు బంకు మలయాళీ పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నాడు. పెట్రోలు అమ్మేది అతనే. పక్క ఖర్జూరం తోటలో పనిచేసే కరీంనగర్ పోశయ్య వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"దీనికి దిష్టి తాకిందక్కా. గంత పెద్ద ఇంజను జూస్తె ఎవ్వని కన్నైన పడ్తది. నిమ్మకాయ గట్టుండ్రి."

"నిమ్మకాయ కడితే స్టార్ట్ అవుద్దా పోశన్నా?" అన్నాడు మీ అన్న.

"కాకుంటె షర్బత్ జేస్కొని తాగు. నీకన్న సల్లగైతది."

ఆ ఒక్కరోజు మీ అన్న నవ్వాడు.

హుమైద్ మాత్రం నవ్వలేదు. "మా తాత ఒంటె నడిమధ్యాహ్నం లేపినా లేచేది మీరా. నీ తమ్ముడు దీన్ని ఒంటె కంటే మొండిదాన్ని చేసి పోయాడు" అన్నాడు. ముందు ఇలా మాటలే. తర్వాత తలుపు విసిరికొట్టడం. తర్వాత మీ అన్నను పేరు పెట్టి పిలవడం మానేసి, హారన్ కొట్టి పిలవడం.

రంజాన్ చివర్లో ఒకరోజు అతను తన చిన్న కూతుర్ని వెంటబెట్టుకొని అబూ ధాబీ రోడ్డు మీద పోయాడు. పెట్రోలు పోయించుకుందామని ఆపాడు. అంతే. మళ్ళీ స్టార్ట్ కాలేదు. అతను బానెట్ ఎత్తి తిట్టుకుంటూ నిలబడ్డాడు, పిల్ల లోపలే ఉంది. ఆ వేడికి వాంతి చేసుకొని మెడ వాల్చేసింది. లారీవాళ్ళెవరో చూసి నీడకు ఎత్తుకుపోయి నీళ్ళు చల్లారు. ఇంటికి తెచ్చేసరికి కళ్ళు తెరిచింది, అల్లా దయ. రోజూ వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకొని రొట్టె అడిగే పిల్ల. ఆ పూట నేను చేసిన రొట్టెలన్నీ మాడిపోయాయి.

అర్బాబ్ అరవలేదు. మీ అన్నను పిలిచి మెల్లగా అన్నాడు. "బక్రీద్ దాకా చూస్తాను. ఇంకొక్కసారి దారిలో ఆగిందా, ఖలాస్. షాపూ లేదు, నువ్వూ లేవు." మీ అన్న తల వంచుకొని వచ్చేశాడు. వచ్చి మళ్ళీ ఆ బండి కిందే దూరాడు.

పోయిన జుమ్మా నాడు సాయంత్రం అసర్ నమాజు చదువుకొని టీ తీసుకొని షెడ్డుకు పోయాను. మీ అన్న అప్పుడే బండిలో ఎక్కడికో పోయివచ్చి ఆపాడు. ఇంజను సెగలు కక్కుతోంది.

"అక్కా, ఇటు రా. నేను తాళం తిప్పుతా. నువ్వు ఈ సన్న తీగ పీకి పట్టుకో."

"షాకు కొడుతుందేమో రా."

"దీన్ని పీకితే నిప్పే రాదు, ఇంక షాకెక్కడిది? భయమైతే నీ తస్బీ మాల ఉండాది గదా, తిప్పుకో."

ముందు తీగ ఉంచే తిప్పాడు. ధడ్. ఆగిపోయింది. అప్పుడు పీకమన్నాడు. పీకాను. మళ్ళీ తిప్పితే సెల్ఫ్ గిరగిరా తిరిగింది. ఎక్కడా పట్టుకోలేదు. తీగ పెట్టేయమన్నాడు. పెట్టాను. ధడ్.

"అంటే ఏంది?" అన్నాను.

"అంటే బ్యాటరీది తప్పు కాదు, సెల్ఫ్ ది కాదు, పెట్రోలుది కాదు. నిప్పు ముందే పడతా ఉండాది. పిస్టన్ పైకి రాకముందే అంటుకోని దాన్ని వెనక్కి తంతా ఉండాది. చల్లగా ఉంటే ఎట్నో తట్టుకుంటుంది. వేడి మీద తట్టుకోలేదు. టైమింగ్ ఎక్కువ ముందుకు పోయింది."

"అల్ హమ్దులిల్లాహ్. ఇప్పటికన్నా దొరికింది."

వాడు స్పానరు గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"మొదట్లోనే తెలుసక్కా."

 లోపల అస్తగ్ ఫిరుల్లాహ్, అల్లా క్షమించు, అనుకొని అడిగాను.

"తెలిసి, రోజా ఉండి, ఇన్నాళ్ళు దాని కింద ఏం చేస్తా ఉండావు రా?"

"అది వాడు బిగించింది. ముట్టొద్దని రాసినాడు గదా."

నిజమే, రాశావు. 'నా టైమింగ్ మాత్రం ఎవ్వరూ ముట్టుకోవద్దు, నేనొచ్చి చూస్తాను' అని రెండు ఉత్తరాల్లోనూ రాశావు. వాడికి చదువు రాదు గనక చదివి వినిపించింది నేనే. నువ్వు పనిమంతుడి పొగరుతో రాశావు. వాడు నాయన మాటగా విన్నాడు.

నీకు ఇది తెలియదు. నువ్వు పుట్టేసరికి నాయన దూది ఏకే విల్లు అటకెక్కింది. మీ అన్న మాత్రం చిన్నప్పుడు నాయన వెంట ఊరూరూ తిరిగాడు. నలుగురు కలిసి పరుపుల పనికి పోతే ఎవరి విల్లు వాళ్ళదే, ఎవరి తంతి బిగింపు వాళ్ళదే. ఒకడు బిగించుకున్న తంతిని ఇంకొకడు వదులు చేస్తే మాట అక్కర్లేదు. 'నీ పని అయిపోయింది, మూట సర్దుకో' అని ఆ మనిషికి చెప్పినట్టే. వాడు ఇంక ఆ జట్టులో అన్నం తినడు, లేచిపోతాడు. అందుకని నాయన, ఎంత బేసురుగా మోగుతున్నా సరే, పక్కవాడి తంతి ముట్టనిచ్చేవాడు కాదు. మీ అన్న ఆ విల్లు వదిలి స్టీరింగ్ పట్టాడు గానీ ఆ మాట వదల్లేదు. నీ టైమింగ్ ముడితే నిన్ను జట్టులోంచి లేపేసినట్టని బిగుసుకుపోయాడు. నీకు ఆ సంగతే తెలియదని వాడికి తట్టలేదు.

నాకు కోపమొచ్చింది రహీమా. మీ ఇద్దరి మీదా వచ్చింది. ఒకడు తెలియక గట్టిగా రాశాడు, ఒకడు తెలిసీ మెత్తగా ఊరుకున్నాడు. నడిమధ్యలో ఒక పసిబిడ్డ ఎండలో మెడ వాల్చింది.

"బోల్టు వదులు చెయ్యి. నేను తిప్పుతా" అన్నాను.

"వద్దక్కా. నువ్వూరుకో."

"నాయన లేడు. ఇంట్లో పెద్దదాన్ని నేను. ముడితే నేను ముడతా. నీ మీద పడదు."

"అట్ట కాదక్కా..."

"బోల్టు."

వదులు చేశాడు. చేతికి గుడ్డ చుట్టుకొని, బిస్మిల్లా అని, డిస్ట్రిబ్యూటర్ ను పట్టుకున్నాను. ఎటు అంటే వేలుతో చూపించాడు. "కొంచెం. నూలుపోగంత. చాలు, చాలు." తాళం తిప్పాడు. ధడ్, కానీ ముందంత గట్టిగా కాదు. ఇంకో పోగు తిప్పాను. ఈసారి సగం చుట్టు దగ్గర తడబడింది గానీ ఆగలేదు. ఇంకొంచెం. అందుకుంది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వాడు బోల్టు బిగించి, ఊరి బయటికి తీసుకుపోయి, బాగా కాలాక వచ్చి ఆపాడు. చల్లారిపోయిన టీ తాగాడు. తిప్పాడు. అందుకుంది. మళ్ళీ ఆపి, మళ్ళీ తిప్పాడు. అందుకుంది. గుడ్డ చుట్టుకున్నా నా బొటనవేలు కాలింది. పిండి పిసికేటప్పుడు ఇంకా మంటగానే ఉంది.

హుమైద్ నడిపి చూసి, గుట్ట ఎక్కేటప్పుడు కొంచెం బద్ధకించింది అన్నాడు. అన్నాడు గానీ కూతుర్ని ఎక్కించుకొనే పోయాడు.

ఇక్కడితో ఉత్తరం ముగించి ఉంటే బాగుండేది. ఇప్పుడు షాపు సంగతి.

మర్నాడు పొద్దున అర్బాబ్ కహ్వా కాఫీ తాగే వేళకు మీ అన్నను మజ్లిస్ కు పిలిచాడు. నేను ఖర్జూరం పళ్ళెం పట్టుకొని గుమ్మంలో ఉన్నాను. ఏమిటి జబ్బు, ఇన్నాళ్ళు ఎందుకు దొరకలేదు అని అడిగాడు. మీ అన్న ఏమన్నాడో తెలుసా?

"నాదే తప్పు అర్బాబ్. మా తమ్ముడు సరిగ్గానే పెట్టి పోయాడు. నేనే ఏదో చూస్తూ చూస్తూ కదిలించేశాను. మళ్ళీ వాడు పెట్టిన చోటికే తెచ్చాను."

అర్బాబ్ గిన్నె కింద పెట్టాడు. "నీ తప్పుకు నా మనవరాలు పోయేది. చిన్నవాడు రానీ, షాపు అతనికి పెట్టిస్తాను. నువ్వు బక్రీద్ కు ఇంటికి పో. మళ్ళీ రావద్దు."

మీ అన్న సరేనన్నట్టు తలూపాడు. ముఖంలో బాధ కూడా లేదు. ఏదో దించుకున్నవాడిలా ఉన్నాడు.

తెల్లవార్లూ నమాజు మీద ఉన్నా నాకు ఆ నిమిషంలో దొరికిన మాట దొరికేది కాదేమో. పళ్ళెం కింద పెట్టి లోపలికి పోయాను. ఆడదాన్ని, వంటమనిషిని, మగవాళ్ళ మజ్లిస్ లోకి ఎప్పుడూ అడుగుపెట్టనిదాన్ని. నాకొచ్చిన ఉర్దూలో, సగం అరబ్బీలో చెప్పాను. "ఇతను అబద్ధం చెబుతున్నాడు. అది పెట్టింది చిన్నవాడు. ముట్టనివాడు వీడు. ముట్టింది నేను."

అర్బాబ్ హుమైద్ ను పిలిచి ఏదో అడిగాడు. అతను నేల చూశాడు. ఇంకా జోరు కావాలన్నది తనేనని చెప్పలేదు. చెబితే బాగుండేది. అందరినీ నేనొక్కదాన్నే మాట్లాడించలేను కదా.

అప్పుడు అర్బాబ్ తేల్చేశాడు. మీ అన్న డ్రైవరుగా ఉండొచ్చు. షాపు మాట ఖలాస్. నీకు తిరుగు టికెట్ పంపడు. నీ వీసా గడువు దాటిపోతుంది, దాటిపోనీ అన్నాడు.

నీకు చెప్పవలసింది ఇదే. నీ దుబాయ్ పోయింది. పోగొట్టింది నేను. ఎవరో చెప్పగా నీకు తెలియకూడదని నా చేత్తో రాస్తున్నాను.

చెప్పినందుకు పశ్చాత్తాపం లేదు. దుఃఖం ఉంది. రెండూ వేరని నీ వయసులో తెలియదు. చేయని తప్పు నెత్తిన పెట్టుకొని మీ అన్న పోతుంటే, నీకు ఆ షాపులో ఒక్క బోల్టు అయినా తిన్నగా బిగిసేదా? ఏమో, బిగిసేదేమో. అంతా అయ్యాక ఇలా అనుకోవడం సులువు. ఇంకోలా చెప్పే దారి ఉందేమోనని రోజూ వెతుకుతున్నాను. నమాజు చివరి సలాం తిప్పాక కూడా చాప మీద అలాగే కూర్చుండిపోతున్నాను.

మజ్లిస్ లోంచి బయటికి వచ్చాక మీ అన్న నాతో ఒక్క మాటే అన్నాడు. "తంతి ముడితే ముట్టావు. మనిషినే తెంచినావేందక్కా." అంతే. వంటింటి వెనక గట్టు మీద అన్నం తిని, పళ్ళెం కడిగి బోర్లించి పోతున్నాడు. సలాం చెబితే జవాబు చెబుతాడు, అది చెప్పకపోతే పాపం గనక.

మున్నీబీ వాళ్ళు దుబాయ్ అల్లుడని పిల్లనిచ్చారు. రేపు ఏమన్నా అంటే నా పేరు చెప్పు. ఆడబిడ్డ చేసిన పని అను. అది అబద్ధం కాదు. నీ చేతిలో పని ఉంది. ఆత్మకూరులోనూ ఇంజన్లు ఉన్నాయి, ఎండలూ ఉన్నాయి. చలికాలంలో బిగించినది ఎండాకాలం దాకా దగ్గరుండి చూసుకో, పెట్టేసి ఊరికి పోకు. అక్కగా ఒక్కటే బుద్ధి చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే.

ఇంకొక్క సంగతి. మీ అన్న నిన్న పోశయ్య దగ్గరికి పోయి నీకు ఉత్తరం రాయించాడు. తప్పంతా తనదేనని, అక్క పెద్దదై మతి తప్పి ఏదో మాట్లాడిందని రాయించాడట. పోశయ్యే కడుపులో దాచుకోలేక వచ్చి నాకు చెప్పాడు. అది దీనికంటే ముందే నీకు అందుతుందేమో. నమ్మకు.

నువ్వు వాడికి రాయి. 'అన్నా, నేనే ఎక్కువ తిప్పాను. నువ్వు ముట్టి ఉంటే నేను ఏమీ అనుకొనేవాణ్ణి కాదు' అని రాయి. మనసులో లేకపోతే రాయవద్దు, వచ్చేదాకా ఆగి రాయి. నాకు వేరే జవాబు అక్కర్లేదు. రాయించుకోవడమంటే పోశయ్య చేత రాయించుకున్నాడు గానీ, నీ మాట వాడు పరాయి నోట వినడు. చదివించుకోవడానికి నా దగ్గరికే రావాలి. వచ్చి నా ఎదురుగా కూర్చోవాలి.

ఇట్లు,
మీ ఇద్దరి అక్క,
రహమతున్నీసా.